పళ్ళు చెప్పిన ఊరు

కృష్ణలంకలోని ‘చేరువ’ ఆడవాళ్ళ ఆశ్రయంలో, ఊరూ పేరూ చెప్పలేని మనిషికి దొరికిన చోటును బట్టి పేరు పెట్టడం ఆనవాయితీ. గూడ్స్ షెడ్డు పక్కన దొరికినామె గూడ్సమ్మ. పుష్కరాలు ముగిసి జనమంతా వెళ్ళిపోయాక కూడా ఘాటు మెట్ల మీదే కూర్చుండిపోయిన ముసలామె పుష్కరమ్మ. సిటీ బస్సులో చివరి సీటు కింద నిద్రపోతూ దొరికినామెకు ఏం పేరు పెట్టాలో తోచక, కండక్టరు సలహా మీద ‘టెర్మినస్సు’ అని పిలిస్తే, ఆమె అలిగి అన్నం మానేసింది. చివరికి లక్ష్మి అని మార్చారు. ఈ పేర్లు విని, విరాళాలిచ్చే పెద్దమనుషులు నొచ్చుకునేవారు. ఆశ్రయం నడిపే సువార్త మాత్రం నొచ్చుకునేది కాదు. నొచ్చుకోవడానికి తీరిక ఉండాలి కదా.

సువార్తకు యాభై దగ్గర పడుతున్నాయి. ఒకప్పుడు బళ్ళో పిల్లలకు ఎక్కాలు చెప్పేది. ఆ ఉద్యోగం వదిలేసి, చర్చిలో పరిచయమైన నలుగురితో కలిసి ఈ సంస్థ పెట్టింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు, ఆమె మిగిలిపోయింది. అద్దె ఇల్లు, రెండు వరసల మంచాలు, ఎప్పుడూ ఏదో ఒకటి పాడై ఉండే స్నానాల గదులు, ఇదీ ఆమె రాజ్యం. సంక్షేమ శాఖవాళ్ళు బియ్యం, కరెంటు ఇచ్చేవారు. అందుకు బదులుగా ఒక నిబంధన పెట్టారు. ఊరు గుర్తున్నవాళ్ళను మూడు నెలల్లో ఊరికి పంపెయ్యాలి. గుర్తులేదని డాక్టరు రాసిస్తేనే ఉండనివ్వాలి. అలా ఉండిపోయినవాళ్ళ మంచిచెడ్డలు వాళ్ళ చేతుల్లో ఉండవు. బంధువులు దొరికితే బంధువులు చూసుకుంటారు, లేకపోతే శాఖ చూసుకుంటుంది.

గూడ్సమ్మ ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. వచ్చిన నెలకే వంటగదిలో దూరింది, మళ్ళీ బయటికి రాలేదు. ఆమె చేతి పచ్చడి తిన్నవాళ్ళు ఇది కృష్ణా జిల్లా రుచి కాదని అనేవారు. మరి ఎక్కడిదని అడిగితే ఆమె నవ్వి, తెలీదమ్మా అనేది. ముగ్గురు డాక్టర్లు మారినా అదే జవాబు. సువార్తకు జ్వరమొస్తే గంజి కాచి, తాగేదాకా గుమ్మంలో నిలబడేది. సువార్త కసురుకుంటే కదిలేది కాదు. కసురుకోవడానికి ఇంట్లో ఒక మనిషి ఉండడం ఎంత అదృష్టమో సువార్తకు తెలుసు, కానీ ఆ మాట ఎప్పుడూ బయటికి అనలేదు.

అలాంటి రోజుల్లో పరాంకుశం గారు ఆటోలో ఒక పెట్టె వేసుకుని దిగారు. ఆయన భూగర్భ జలాల విభాగంలో పనిచేసి రిటైరయిన మనిషి. సర్వీసంతా ఊరూరూ తిరిగి బావుల నీళ్ళు, బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టి, ఏ నీటిలో ఏ ఖనిజం ఎంతుందో పటాలు గీయడమే ఆయన పని. పెట్టె చూడడానికి కుట్టుమిషను మూతలా ఉంది. ఊరు మరిచిపోయిన మనిషి ఊరు ఇది చెబుతుందని ఆయన అన్నారు. సువార్త నమ్మలేదు. సెల్‌ఫోన్లు, సోలార్ పొయ్యిలు అమ్మేవాళ్ళు చాలామంది ఆ గుమ్మం తొక్కారు.

“ముందు నా ఊరు చెప్పమనండి,” అందామె.

ఆయన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న ఆకురాయితో దవడ పన్ను లోపలివైపు నలుసంత గీకారు. ఆ పొడిని పెట్టెలో వేసి మూత పెట్టారు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు తెర మీద పటం వచ్చింది, పటం మీద రేపల్లె దగ్గర ఒక కాలువ గట్టు ఎర్రగా వెలిగింది. సువార్త పుట్టింది రేపల్లెలోనే. కానీ ఇంట్లో కుండనీళ్ళు వదిలేసి ఆ కాలువలో దోసిలి పట్టి తాగేదని వాళ్ళమ్మకు కూడా తెలియదు.

పాలపళ్ళ వెనకాల అసలు పళ్ళు తయారయ్యే వయసులో ఏ నీళ్ళు తాగుతామో ఆ నీళ్ళ గుణం పంటిలో గట్టిపడి ఉండిపోతుందని పరాంకుశం గారు చెప్పారు. జుట్టు మారుతుంది, గోరు మారుతుంది, పన్ను మాత్రం మారదు. ఆ గుణాన్ని తన పాత పటాలతో పోల్చి చూడడమే పెట్టె చేసే పని. పటాలు ఆయన పనిచేసిన విభాగం సొత్తు. భానుమూర్తి అనే సంక్షేమ ఆఫీసరు పూనుకుని, ముందుగా కొన్ని జిల్లాల పటాలు వాడుకోనిచ్చాడు. మిగతావి ఫలితం చూసి ఇస్తామన్నారు.

ఈ తద్దినం ఎందుకు పెట్టుకున్నారని సువార్త అడిగితే, ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ నిదానంగా చెప్పారు. “మా నాన్నగారు మతి తప్పి ఇంట్లోంచి వెళ్ళిపోయారమ్మా. కొన్నాళ్ళకి పోలీసులు ఒక శవాన్ని చూపించారు. అవునో కాదో నాకు తెలియలేదు. అవుననుకుని కర్మ చేశాను. ఇవాళ్టికీ తెలియదు.”

ఆ తర్వాత సువార్త ఆయన్ను వేళాకోళం చెయ్యడం మానేసింది.

ఊళ్ళోని మగవాళ్ళ ఆశ్రయంలో ఈ పెట్టె, అదే పళ్ళమిషను, బ్రహ్మాండంగా పనిచేసింది. పన్ను గీకడం, ఊరు తెలియడం, సర్పంచికి ఫోటో పంపడం, అన్నో కొడుకో పరిగెత్తుకు రావడం. పేపర్లలో ఫోటోలు పడ్డాయి. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి బండి మొరాయించింది. మొదట లక్ష్మి ఊరు దొరికింది. సువార్త, పరాంకుశం గారు జీపులో తీసుకెళ్ళారు. లక్ష్మి అన్న ఇంట్లో లేడు, వదిన మర్యాదగా కుర్చీలు వేసి కాఫీ ఇచ్చింది. ఇచ్చి, ఆడపిల్లను ఎప్పుడో ఇచ్చేశాం కదండీ, అక్కడికి తీసుకెళ్ళండి అంది. అక్కడికి వెళ్తే మొగుడు రెండో పెళ్ళాంతో కాపురం చేసుకుంటున్నాడు. పొద్దు వాలేసరికి లక్ష్మిని తీసుకుని మళ్ళీ కృష్ణలంకే చేరారు.

పరాంకుశం గారు దారంతా మిషను తప్పేం చెప్పలేదే అని గొణుక్కుంటూనే ఉన్నారు.

“మిషనుది తప్పు కాదు మేష్టారూ,” అంది సువార్త. “మగవాడు పుట్టిన నీళ్ళ దగ్గరే పోతాడు. ఆడదానికి పెళ్ళితో నీళ్ళు మారిపోతాయి. మీ మిషనుకి పెళ్ళి సంగతి తెలీదు.”

ముప్ఫై ఏళ్ళు నీళ్ళ వెంట తిరిగిన మనిషికి ఆ ముక్క తట్టలేదు. అయినా ఆయన పని ఆపలేదు. తల్లి బతికుంటే తల్లి రానిస్తుంది కదా అని సువార్త కూడా ఆశపడింది. పుష్కరమ్మకు మిగిలిన రెండు పళ్ళలో ఒకదాన్ని జాగ్రత్తగా గీకారు. అంకెలు వచ్చాయి కానీ చేతిలో ఉన్న పటాల్లో ఎక్కడా సరిపోలేదు. ఆమె గోదావరికి ఆవలి మనిషై ఉంటుందని, అటువైపు పటాలు వస్తే ఊరు తెలిసిపోతుందని పరాంకుశం గారు చెప్పారు. పుష్కరమ్మ సంబరపడిపోయింది. ఆమెకు ఊరి పేరు గుర్తులేదు గానీ ఇంట్లో ఎవరో ఎదురుచూస్తున్నారని మాత్రం గుర్తుంది.

గూడ్సమ్మ ఒక్కతే మిషను దగ్గరికి రాలేదు. పొయ్యి మీద పప్పుందని ఒకసారి, పళ్ళు జివ్వుమంటున్నాయని ఒకసారి తప్పించుకుంది. భయపడుతోందిలే అనుకుంది సువార్త. ఒకరోజు ఆమెకు నిజంగానే దవడ వాచింది. సువార్తే దగ్గరుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి పుచ్చిన పన్ను పీకించింది. వచ్చేటప్పుడు గూడ్సమ్మ నోట్లో దూదితోనే పన్నేదమ్మా అని అడిగింది. డాక్టరు పారేశాడని సువార్త చెప్పింది. పన్ను ఆమె చేతిసంచిలో కాగితం పొట్లంలో ఉంది. మంచి పని కోసం ఆడే అబద్ధం అబద్ధం కాదని ఆమె నమ్మకం. బళ్ళో పనిచేసినప్పటి నుంచీ ఉన్న నమ్మకం అది.

పన్ను చెప్పిన ఊరు మూలదొరువు. కనిగిరి అవతల, కొండల వారన. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు కాబట్టి ఏ బావో కూడా చెప్పగలనని పరాంకుశం గారు పొంగిపోయారు. సర్పంచికి ఫోటో పంపిన మర్నాడే మాలకొండయ్య అనే అతను ఫోన్ చేసి, అది మా చెల్లెలు వెంగమ్మేనమ్మా అని భోరుమన్నాడు. చనిపోయిందనుకున్నారట. ఆదివారం వస్తానన్నాడు. ఫోన్ పెట్టేసి సువార్త కూడా కళ్ళు తుడుచుకుంది. ఆ తడి కళ్ళతోనే వంటగదిలోకి వెళ్ళింది.

గూడ్సమ్మ దోసకాయలు తరుగుతోంది.

“మీ అన్న ఆదివారం వస్తున్నాడు వెంగమ్మా,” అంది సువార్త.

కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. ఆ ముఖంలో సంతోషం కోసం చూస్తున్న సువార్తకు సంతోషం తప్ప అన్నీ కనిపించాయి. గూడ్సమ్మ ఎట్టా తెలిసిందని మాత్రం అడిగింది. సువార్త పన్ను సంగతి చెప్పింది.

“పారేశాడన్నారుగా.”

గూడ్సమ్మ లేచి, తలుపు దగ్గరగా వేసి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి ఎడమకాలు చూపించింది. చీలమండ చుట్టూ కడియంలా నల్లటి మచ్చ ఉంది. తొమ్మిదేళ్ళుగా అది అందరూ చూస్తున్నదే. పట్టాల మీద ఏదో దెబ్బ తగిలిందనుకున్నారు.

“గొడ్ల కొట్టంలో గొలుసేసి ఉంచారమ్మా మా అత్తగారోళ్ళు. మా ఇంటాయన, ఆయన తమ్ముళ్ళు. పిల్లల్లేరని మొదలయింది, తర్వాత కారణం గూడా అక్కర్లేకపోయింది. తప్పించుకుని మొదట మా అన్న కాడికే పోయినా. రెండోసారి పోలీసుల కాడికి. మూడోసారి యాడో ఆడోళ్ళ హాస్టలుకి. అందరూ ముందు అడిగేది ఒకటే, ఏ ఊరని. చెప్పినా. అందరూ ఆ ఊరికే పంపారు. నాలుగోసారి గుర్తులేదన్నా. తొమ్మిదేళ్ళు అన్నం పెట్టారు.”

చెప్పి, మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుని దోసకాయ చేదేమోనని కొస కొరికి చూసింది. ఆమె నోరు మూసుకుని పంటి బిగువున దాచుకున్నదాన్ని సువార్త పన్ను పీకించి మరీ బయటపెట్టింది. గుర్తుందని శాఖకు చెబితే మూడు నెలల్లో పంపెయ్యమంటారు, అత్తింటివాళ్ళు గేటు ముందు కాపు కాస్తారు. గుర్తులేదంటే మతి లేని మనిషి లెక్క, అన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోవచ్చు. ఏ దారి చూసినా ఆ గొడ్ల కొట్టానికే పోతోంది.

తలుపు దగ్గరగా వేసినా మాట ఆగలేదు. మర్నాటి నుంచి ఆశ్రయంలో ఆడవాళ్ళు నోరు తెరవడం మానేశారు. పళ్ళు కనబడేలా నవ్వడం లేదు. అన్నం దగ్గర గోడవైపు తిరిగి కూర్చుంటున్నారు. దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. ఎంతమందికి నిజంగా గుర్తులేదో, ఎంతమంది గుర్తులేదని బతుకుతున్నారో సువార్తకు అప్పుడు అనుమానం వచ్చింది. అడిగే ధైర్యం మాత్రం లేదు.

ఆమె పరాంకుశం గారింటికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఆదివారం ఆ మనిషి వచ్చినప్పుడు మిషను తప్పు చెప్పిందని అనమంది. ఆయనకు కోపం వచ్చింది.

“ఏమ్మా, ఏమడుగుతున్నారో తెలుస్తోందా? ఒక్కసారి తప్పు చెప్పిందంటే ఇంకెవరూ నమ్మరు. గోదావరి అవతలి పటాలు ఈ నెలలో ఇస్తామన్నారు. మగవాళ్ళ దగ్గర ఇంకా ఎంతమంది కాచుకుని ఉన్నారో మీకు తెలుసు. మీ పుష్కరమ్మ ఉంది. ఒకామె కోసం వాళ్ళందరినీ రోడ్డున పారెయ్యమంటారా?”

ఆయన అన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు కాదు. సువార్త వస్తానండీ అని లేచి వచ్చేసింది.

ఆదివారం భానుమూర్తి తెల్లచొక్కా వేసుకుని ఇద్దరు పేపరువాళ్ళతో వచ్చాడు. అన్నాచెల్లెళ్ళ కలయిక ఫోటో అతనికి కావాలి. మాలకొండయ్య వేరుశనక్కాయల సంచితో లోపలికి వచ్చాడు. ఎండకు మాడిన మనిషి, మాట మెత్తన. బావ పక్షవాతంతో మంచాన పడ్డాడని, చూసేవాళ్ళు లేరని, వెంగమ్మ బతికుందని తెలిసి బావ తమ్ముళ్ళే జీపు మాట్లాడారని చెప్పాడు. గేటు బయట జీపు ఆగి ఉంది. అందులో ఇద్దరు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు, కిందికి దిగలేదు.

“ఇప్పుడాయన చెయ్యి గూడా లేపలేడమ్మా,” అన్నాడు మాలకొండయ్య సువార్తతో. “పాత సంగతులు ఇప్పుడెందుకు. యాడున్నా దాని ఇల్లు అదే గదా.”

అతను దుర్మార్గుడైతే సువార్తకు పని తేలికయ్యేది. కాదు. నమ్మి మాట్లాడుతున్నాడు.

గూడ్సమ్మను పిలిచారు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. అన్న ఆమెను చూసి రెండడుగులు ముందుకు వేశాడు. ఆమె అతని ముఖంలోకి సూటిగా చూసి, ఈయనెవరో నాకు తెలీదంది. నేనేనే, అన్నని అంటూ అతను ఏడుపు ఎత్తుకున్నాడు. పేపరువాళ్ళు కెమెరాలు దించి ఒకరినొకరు చూసుకున్నారు. భానుమూర్తికి చిరాకేసింది. పీకిన పన్నుతో తీసిన ఫలితం కదా, ఇప్పుడు అందరి ముందూ ఇంకోసారి చూస్తే తేలిపోతుంది, మిషను మూలదొరువు అంటే మాలకొండయ్య తీసుకెళ్తాడు అని తీర్పు చెప్పేశాడు.

పరాంకుశం గారు పెట్టె తెరిచారు. గూడ్సమ్మ కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది. పన్ను గీకుతున్నంతసేపూ ఆమె కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. సువార్త ప్రార్థన చేద్దామనుకుంది గానీ ఏమని అడగాలో తెలియలేదు. పెట్టె మూత పడింది. తెర పరాంకుశం గారి వైపు తిరిగి ఉంది. ఆయన తల వంచి చూస్తూ ఉండిపోయారు. భానుమూర్తి ఏమైందని రెండుసార్లు అడిగాడు.

“ఇవి కొండల వైపు నీళ్ళు కావు,” అన్నారాయన. “ఉప్పునీళ్ళు. సముద్రపు ఒడ్డు ఊరేదో. మొదటిసారి పొరపాటు జరిగింది.”

“పొరపాటు మీదా, మిషనుదా?” అన్నాడు భానుమూర్తి.

తనదేనంటే ఇంకొకరి చేత మళ్ళీ గీకిస్తారు. పరాంకుశం గారు ఆ పెట్టె మీద చెయ్యి వేశారు, తీశారు.

“మిషనుదే.”

“అయితే ఇంతకుముందు ఇళ్ళకు పంపినవాళ్ళ సంగతేంటండీ?”

“అవీ చూసుకోవాలి,” అన్నారాయన. తెర ఆపేసి, మూత వేసి, తాళం కూడా వేశారు.

మాలకొండయ్య గూడ్సమ్మను ఇంకోసారి తేరిపార చూశాడు. ఆ చూపు ఆమె ముఖం మీద నుంచి కిందికి దిగి కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె కదలలేదు. అతను కళ్ళు తుడుచుకుని, మా చెల్లెలు ఇంకాస్త పొట్టిదని భానుమూర్తితో అన్నాడు. వెళ్తూ వెళ్తూ వేరుశనక్కాయల సంచి గోడవారన పెట్టాడు. ఎవరైతే ఏంది, తినండమ్మా అన్నాడు. జీపు వెళ్ళిపోయిన చప్పుడు వినబడేదాకా సువార్త గేటు దగ్గరే నిలబడింది. అతనికి నిజంగా తెలియలేదో, తెలిసే వదిలేశాడో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

మర్నాడే పేపర్లో వచ్చింది. పళ్ళమిషను బండారం బయటపడిందని ఒకరు, ప్రజాధనం నీళ్ళపాలని ఇంకొకరు రాశారు. భానుమూర్తి తన మెడకు చుట్టుకోకుండా ముందే చేతులు కడుక్కున్నాడు. విభాగంవాళ్ళు ఇచ్చిన పటాలు వెనక్కి తీసుకున్నారు, గోదావరి అవతలి పటాల ఊసే ఎత్తొద్దన్నారు. పటాలు లేకపోతే పెట్టె అంకెలు చెబుతుంది తప్ప ఊరు చెప్పలేదు. మగవాళ్ళ ఆశ్రయం నుంచి ఫోన్లు వచ్చాయి. మా ఊరు ఎప్పుడు చూస్తారని అక్కడివాళ్ళు అడుగుతున్నారట. సువార్త ఏదో ఒకటి చెప్పి పెట్టేసేది. పరాంకుశం గారు పెట్టెను ఇంటికి తీసుకుపోయారు. ఫోన్ చేస్తే బాగానే ఉన్నానమ్మా అనేవారు. అంతకు మించి మాట్లాడేవారు కాదు.

ఆశ్రయంలో మాత్రం ఆడవాళ్ళు గోడవైపు నుంచి ఇటు తిరిగి అన్నాలు తినడం మొదలుపెట్టారు. లక్ష్మి ఎవరి మీదో జోకు వేసి పగలబడి నవ్వింది. ఆ నవ్వు వింటుంటే సువార్తకు సంతోషమూ వేసింది, ఎక్కడో కలుక్కుమంది కూడా. ఎందుకంటే పుష్కరమ్మ రోజూ కాఫీ తాగగానే వరండాలో పరాంకుశం గారు కూర్చోబెట్టిన ప్లాస్టిక్ కుర్చీలోనే వచ్చి కూర్చునేది. మిషను వెళ్ళిపోయిందని చెబితే వినేది, మధ్యాహ్నానికి మరిచిపోయేది. పొద్దున్నే మళ్ళీ వచ్చి, ఎవరు ఎదురైతే వాళ్ళ ముందు నోరు తెరిచేది.

నాలుగు రోజులు అది చూశాక గూడ్సమ్మ ఆఫీసు గదిలోకి వచ్చింది. తొమ్మిదేళ్ళలో ఆమె ఆ గదిలోకి కాఫీ గ్లాసు లేకుండా రావడం అదే మొదటిసారి.

“అమ్మా, ఆఫీసరుకి ఫోన్ చెయ్యండి. నాకు గుర్తొచ్చిందని చెబుతా. మూలదొరువు మాదే, మిషను సరిగ్గానే చెప్పిందని చెబుతా. అప్పుడు పటాలు ఇస్తారుగా. పెద్దామెను ఇంటికి పంపండి. మగోళ్ళను గూడా.”

“నువ్వు?”

“ఆయన చెయ్యి లేపలేడంటగా. ఎట్టాగో బతుకుతాలే.”

ఈ నాలుగు రోజులూ పుష్కరమ్మ నోరు తెరిచిన ప్రతిసారీ ఈ మాట ఎవరైనా అంటే బాగుండునని తన మనసులో ఒక మూల ఉందని సువార్తకు ఆ క్షణంలో తెలిసింది. సిగ్గుతో ఆమె ముఖం వేడెక్కింది. ఫోన్ బల్ల మీదే ఉంది. భానుమూర్తి నంబరు ఆమెకు నోటికి వచ్చు. ఒక్క ఫోన్ చేస్తే ఎంతమంది ఇళ్ళు చేరతారో కూడా తెలుసు. జీపులోంచి దిగని ఆ ఇద్దరు మగవాళ్ళ చేతులు బాగానే లేస్తాయనీ తెలుసు.

ఆమె ఫోన్ తీసి సొరుగులో పడేసింది.

“నీకేం గుర్తు రాలేదు,” అంది. “డాక్టరు రాసిచ్చాడు. పోయి పప్పు చూడు, అడుగంటుతోంది.”

“అమ్మా...”

“పో.”

గూడ్సమ్మ గుమ్మంలో కాసేపు నిలబడింది. తర్వాత వెళ్ళింది. వంటగదిలో గరిటె చప్పుడు వినబడింది.

సువార్త లేచి వరండాలోకి వచ్చింది. పుష్కరమ్మ ఆమెను చూడగానే కుర్చీలో నిటారుగా సర్దుకుని నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ రేపు చూద్దామనో, మిషను రిపేరుకెళ్ళిందనో చెబుతూ వచ్చింది సువార్త. ఇవాళ ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ముసలామె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

“మీ ఊరు దొరకలేదు పెద్దమ్మా. దొరికే దారి ఉంటే నేనే మూసేశాను.”

పుష్కరమ్మ నోరు మూసుకుంది. ఆ మాట ఆమెకు అర్థమయింది, ముఖంలో తెలిసింది. కళ్ళలో నీళ్ళు నిండాయి. ఎందుకు మూశావని అడగలేదు. చేతులు విడిపించుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వీధివైపు తిరిగి కూర్చుంది. సువార్త లేవకుండా అలాగే ఉంది.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేసరికి ముసలామె అది మరిచిపోయింది. పప్పు బాగుందని రెండోసారి వేయించుకుంది. రేపు పొద్దున మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటుంది. రేపూ తనే వచ్చి ఎదురుగా కూర్చోవాలని, అబద్ధం చెప్పకూడదని సువార్త అనుకుంది. ఆ ఏడుపు ప్రతి పొద్దునా పుష్కరమ్మకు కొత్తే. మరిచిపోయే వరం సువార్తకు లేదు.